పైకప్పు కాపాడేది నాలుగు గంటలే: చలికాలపు సూపర్ బౌల్‌కి ఊరిని ఎంచే లెక్క

2011 ఫిబ్రవరి 6న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఏటా ఆడే చివరి పోరు, జరిగింది. స్టేడియానికి పైకప్పు ఉంది, లోపల హాయిగా ఉంది. ఫిబ్రవరి మొదట్లో అక్కడ పగటి ఉష్ణోగ్రత మామూలుగా 13, 14 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. అయినా ఆ వారమంతా ఐస్ వల్ల రోడ్లు స్తంభించాయి, స్టేడియం కప్పు మీంచి గడ్డలు జారి మనుషుల మీద పడ్డాయి, టికెట్ కొన్న నాలుగు వందల మందికి సీటే లేకుండా పోయింది.

2014 ఫిబ్రవరి 2న న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో ఇంకో సూపర్ బౌల్ జరిగింది. ఇక్కడ కప్పు లేదు. చలి ఊళ్ళో ఆరుబయట ఈ ఆట పెట్టడం అదే మొదటిసారి కాబట్టి నాలుగేళ్ళు దేశమంతా భయపడింది. ఆట మొదలైనప్పుడు 9 డిగ్రీలుంది. 82,529 మంది చూశారు. సియాటిల్ 43, డెన్వర్ 8. అక్కడ ఇబ్బంది పెట్టినది చలి కాదు, రైలు స్టేషన్లో ఉక్కపోత.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఊరిని ఎంచడానికి ఈ ఆటను నడిపే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చాలాకాలం వాడిన కొలబద్ద తప్పని తెలుస్తుంది. కప్పు లేని స్టేడియమైతే ఫిబ్రవరి సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్ ఉండాలన్నది పాత నియమం. కప్పుంటే ఆ ప్రశ్నే రాదు. కానీ సూపర్ బౌల్ అంటే నాలుగు గంటల ఆట కాదు. జట్లు ముందు ఆదివారం దిగుతాయి, విలేఖరులు సోమవారానికి వచ్చేస్తారు, అభిమానుల సంత వారమంతా నడుస్తుంది, ఆట మర్నాడు జనమంతా ఒకేసారి విమానాశ్రయానికి పరుగెత్తుతారు. తొమ్మిది పది రోజుల పనిలో కప్పు కాపాడేది నాలుగు గంటలు. మిగతాదంతా ఊరు మోయాలి. కాబట్టి ఎంచేటప్పుడు అడగాల్సింది ఎంత చలి ఉంటుందని కాదు, ఒక చెడ్డ రోజు వస్తే ఎన్ని గంటల్లో ఈ ఊరు మళ్ళీ నడుస్తుందని.

మంచు అన్న ఒక్క మాట చాలదు

మన భాషలో తెల్లవారుజామున పొలం మీద కనిపించేదీ మంచే, హిమాలయాల మీదిదీ మంచే. ఈ పనిలో అలా కలిపేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. స్నో అంటే ఎక్కువగా పొడిగా, తేలిగ్గా పడేది. ప్లౌతో, అంటే ముందు పెద్ద పలక కట్టిన బండితో, తోసేయొచ్చు. స్లీట్ అంటే గింజల్లా గట్టిపడి పడేది. ఫ్రీజింగ్ రెయిన్ అంటే వానలాగే పడి, నేల తాకగానే గాజుపలకలా గడ్డకట్టేది. ప్లౌ దాని మీద జారిపోతుందే తప్ప దాన్ని తోయలేదు.

అలవాటున్న ఊళ్ళు తుఫానుకు ముందే రోడ్ల మీద 23 శాతం ఉప్పునీళ్ళు పిచికారీ చేస్తాయి. స్నో రోడ్డుకు అతుక్కోకుండా ఆ పొర ఆపుతుంది. అమెరికా దక్షిణాది తుఫాను తరచుగా వానగా మొదలై తర్వాత గడ్డకడుతుంది. ఆ వాన ముందు చల్లిన ఉప్పునీళ్ళను కడిగేస్తుంది. ఇక మామూలు రాతి ఉప్పు సుమారు మైనస్ 9 దాకానే గట్టిగా పనిచేస్తుంది. అంతకన్నా దిగితే కాల్షియం క్లోరైడ్ కలపాలి. ఉప్పు నిల్వలు లేని ఊరు ఇసుక చల్లుతుంది. ఇసుక పట్టునిస్తుంది గానీ కరిగించదు. కాబట్టి ఎండ వచ్చేదాకా ఐస్ అలాగే ఉంటుంది.

అందుకే సగటు ఉష్ణోగ్రత పట్టిక మోసం చేస్తుంది. సున్నాకు చాలా కింద నిలకడగా ఉండే మినియాపొలిస్‌లో పడేది ఎక్కువగా పొడి స్నో. సున్నాకు అటూ ఇటూ ఊగే డాలస్, అట్లాంటాల్లో పడితే ఐస్. 2000 జనవరి 30న అట్లాంటాలో జార్జియా డోమ్ కప్పు కింద ఆట బాగానే జరిగింది. కానీ అంతకు ముందు వారాంతంలో ఒకటి, ఆట ముందు రోజుల్లో ఇంకొకటి, రెండు ఐస్ తుఫాన్లు ఊరిని కట్టిపడేశాయి. తర్వాత అట్లాంటాకు మళ్ళీ అవకాశం వచ్చింది 2019లో.

ఆర్లింగ్టన్: కప్పు ఉండి కూడా

ఫిబ్రవరి 1 మంగళవారం ఐస్ పడింది. ఆ తర్వాత నాలుగు రోజుల పాటు ఉష్ణోగ్రత సున్నా దాటలేదు. మామూలుగా అక్కడ ఐస్ పడితే మర్నాటి మధ్యాహ్నానికి కరిగిపోతుంది. ఊరి ఏర్పాట్లన్నీ ఆ నమ్మకం మీదే ఉంటాయి. ఈసారి కరగలేదు. శుక్రవారం దాని మీద మళ్ళీ స్నో పడింది.

దెబ్బ ఇంత గట్టిగా తగలడానికి అసలు కారణం భూగోళం. స్టేడియం ఆర్లింగ్టన్‌లో, ఒక జట్టు ఫోర్ట్ వర్త్‌లో, ఇంకోటి అర్వింగ్‌లో, మీడియా కేంద్రం, అభిమానుల సంత డాలస్ నడిబొడ్డున. డాలస్ నుంచైనా ఫోర్ట్ వర్త్ నుంచైనా స్టేడియం దాదాపు 30 కిలోమీటర్లు. ఆర్లింగ్టన్‌కు రైలు లేదు. మామూలు సిటీ బస్సులు కూడా లేని అమెరికా ఊళ్ళలో అప్పట్లో అదే పెద్దది. ప్రతి పనికీ ఫ్రీవే ఎక్కాల్సిందే, ఆ ఫ్రీవేల మీద ఎత్తైన ఫ్లైఓవర్లు. వంతెన కింద నేల వెచ్చదనం ఉండదు, గాలి రెండు వైపులా తగులుతుంది. అందుకే రోడ్డు కన్నా ముందు వంతెన గడ్డకడుతుంది. డాలస్‌లో ఉండే మన తెలుగువాళ్ళకు ఆ ఫ్లైఓవర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక కప్పు. వంపు తిరిగిన పెద్ద కప్పు మీద పేరుకున్నది పగటి ఎండకు, లోపలి వేడికి అడుగున కొద్దిగా కరిగి, ఆ నీటి పొర మీద పలకలుగా జారుతుంది. శుక్రవారం అలా జారిన గడ్డలు కింద ఉన్నవాళ్ళ మీద పడి కనీసం ఆరుగురు గాయపడ్డారు. ఆట రోజున కొన్ని ద్వారాలు మూయాల్సి వచ్చింది, తెరిచిన వాటి ముందు వరసలు పెరిగాయి. కప్పున్న స్టేడియాన్ని పరిశీలించేటప్పుడు లోపలి సీట్లు చూడటం సరే, ముందు బయట తిరిగి చూడాలి. కప్పు వాలు ఎటు, దాని కింద ఏ ద్వారాలున్నాయి, అవి మూస్తే మిగిలిన ద్వారాలు గంటకు ఎంతమందిని పంపగలవు? ఈ మూడింటికీ జవాబు నక్షా మీద గీసి చూపించలేని ఊరిని పక్కన పెట్టాలి.

తాత్కాలిక సీట్ల సంగతి అన్నిటికన్నా బాధాకరం. హాజరు పెంచడానికి వేల సంఖ్యలో అదనపు సీట్లు వేశారు. వాటిలో సుమారు 1,250 సీట్లున్న భాగాలు ఆట వేళకు భద్రతా తనిఖీలో నెగ్గలేదు. దాదాపు 850 మందిని వేరేచోట సర్దారు, 400 మందికి సీటు దొరకలేదు. ఆ రోజు 1,03,219 మంది హాజరయ్యారు. అంత పెద్ద అంకె కోసం అంత కొద్దిమందిని అలా నిలబెట్టడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు. పని వెనకబడటానికి వాతావరణం ఒక్కటే కారణం కాకపోవచ్చు. కానీ చివరి వారంలో ముగిసేలా పెట్టుకున్న ఏ పనికైనా చలికాలంలో ఒక్క తుఫాను చాలు. అందుకే తాత్కాలిక సీట్ల రెయిలింగులు, మెట్లు, తనిఖీ సంతకాలు ఆటకు కనీసం 14 రోజుల ముందు అయిపోవాలి. అప్పటికి కాని భాగానికి టికెట్లు అమ్మకూడదు.

న్యూజెర్సీ: 50 డిగ్రీల నియమాన్ని సడలించి

2010 మే 25న, అదీ టెక్సస్ అర్వింగ్‌లోనే జరిగిన జట్ల యజమానుల సమావేశంలో, టాంపా, మయామీలతో పోటీపడి న్యూయార్క్-న్యూజెర్సీ గెలిచింది. యజమానులు 32 మంది. మొదటి విడతల్లో మూడొంతుల మెజారిటీ, అంటే 24 ఓట్లు కావాలి, చివరి విడతలో మామూలు మెజారిటీ చాలు. నిర్ణయం నాలుగో విడత దాకా వెళ్ళింది. ఉష్ణోగ్రత నియమాన్ని ఈ ఒక్క ఆటకు పక్కన పెట్టారు. సుమారు 1.6 బిలియన్ డాలర్లతో కట్టిన కొత్త స్టేడియం అదే ఏడాది తెరుచుకోవడం ఆ నిర్ణయానికి పెద్ద బలం.

సడలించినందుకు బదులుగా సిద్ధపాటు గట్టిగా జరిగింది. స్టేడియానికి 30 మైళ్ళ పరిధిలో సుమారు 820 ట్రక్కులు, ఉప్పు చల్లే బండ్లు, దాదాపు 60 వేల టన్నుల ఉప్పు. గంటకు 600 టన్నుల స్నో కరిగించే యంత్రాలు. అవసరమైతే ఆటను శుక్రవారానికో శనివారానికో ముందుకు జరపడం, లేదా సోమవారానికి వాయిదా వేయడం.

600 టన్నులన్న అంకె వినగానే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. లెక్క కట్టి చూద్దాం. ఒక్కో సీటుకు మెట్లు, నడవలు కలిపి 0.55 చదరపు మీటరు అనుకుంటే 82,500 సీట్లకు సుమారు 45 వేల చదరపు మీటర్లు. 20 సెంటీమీటర్ల పొడి స్నో చదరపు మీటరుకు 20 కిలోలు తూగుతుంది. మొత్తం 900 టన్నులు. యంత్రం దాన్ని గంటన్నరలో కరిగిస్తుంది. కానీ సీట్ల వరసల్లోకి ఏ బండీ వెళ్ళదు. మనిషే పారతో ఎత్తి, జారుడు తొట్టెల్లో వేసి కిందికి పంపాలి. ఒక మనిషి గంటకు 400 కిలోలు అలా దించగలడనుకుంటే 500 మందికి నాలుగున్నర గంటలు. తడి స్నో అయితే బరువు రెట్టింపు, తొమ్మిది గంటలు. ఆట సాయంత్రం ఆరున్నరకు, ద్వారాలు మధ్యాహ్నం రెండుకు తెరవాలనుకుంటే, మెట్ల మీద మిగిలిన పొరను గీకి తనిఖీ చేయడానికి ఇంకో గంట కలిపి, తడి స్నో తెల్లవారుజామున నాలుగుకే ఆగిపోవాలి. ఐదుకు ఆగితే ఆలస్యమే. బిగుసుకున్న ముడి యంత్రం దగ్గర లేదు, పారల దగ్గర ఉంది. కాబట్టి ఊరు ఇచ్చే ప్రతిపాదన పత్రంలో చూడాల్సింది యంత్రం సామర్థ్యం కాదు, అర్ధరాత్రి పిలిస్తే రెండు గంటల్లో వచ్చే మనుషుల జాబితా.

ఇంకో చిన్న విషయం. 900 టన్నులు కరిగితే తొమ్మిది లక్షల లీటర్ల నీళ్ళు. అవి పోయే డ్రెయిన్ మూత గడ్డకట్టి ఉంటే పార్కింగ్ మైదానమంతా ఐస్ పలకే. మెట్ల మీద మామూలు ఉప్పు కుమ్మరిస్తే కాంక్రీటు లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. అక్కడ క్లోరైడ్ లేని అసిటేట్ రకాలు వాడటం మేలు.

ఇన్ని చేశాక వాతావరణం కరుణించింది. అయితే ఆట మర్నాడు, ఫిబ్రవరి 3న, న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో 8 అంగుళాలు, అంటే 20 సెంటీమీటర్ల స్నో పడింది. వందల విమానాలు రద్దయి అభిమానులు ఇరుక్కుపోయారు. అదే తుఫాను ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే పై లెక్కలో ఎక్కడా ఖాళీ లేదు. న్యూజెర్సీ గెలిచిందని చెప్పేవాళ్ళు ఆ ఇరవై నాలుగు గంటల్ని మరిచిపోకూడదు. ఆ ఆట విజయాన్ని ఆరుబయట ఆడించొచ్చనడానికి రుజువుగా నేను తీసుకోను.

అసలు తప్పు జరిగింది రైలు దగ్గర. మామూలుగా ఆ స్టేడియం చుట్టూ 28 వేల పార్కింగ్ జాగాలుంటాయి. భద్రతా వలయాలు, టెంట్లు పోగా ఆ రోజు మిగిలినవి 13 వేల లోపు. కాలినడకన రావడం నిషేధం, టాక్సీలో వచ్చి దిగడం నిషేధం. ప్రత్యేక బస్సు టికెట్ 51 డాలర్లు. ఇక రైలే. ఎడిసన్, మెట్రోపార్క్ నుంచి న్యూయార్క్ వెళ్ళే మనవాళ్ళందరికీ తెలిసిన సీకాకస్ జంక్షన్‌లో దిగి స్టేడియం రైలు మారాలి. వెళ్ళేటప్పుడే దాదాపు 28 వేల మంది ఎక్కారు, తిరిగి వచ్చేటప్పుడు 33 వేలకు పైగా. నిర్వాహకులు అనుకున్నదానికి ఇది రెట్టింపు. ఆ మార్గం గంటకు సుమారు పది వేల మందిని మోయగలదు. 33 వేలను పది వేలతో భాగిస్తే మూడు గంటలు పైన. అక్కడ జరిగిందీ దాదాపు అదే. ఆట అయ్యాక సీట్లలోనే ఉండమని మైకులో బతిమాలాల్సి వచ్చింది.

వెళ్ళేటప్పుడు సీకాకస్‌లో తనిఖీ వరసల్లో జనం ఇరుక్కున్నారు. చలి అని నాలుగేళ్ళుగా విన్నవాళ్ళు నాలుగు పొరల బట్టలతో వచ్చారు. బయట 9 డిగ్రీలు, లోపల గాలి ఆడదు. కొందరు స్పృహ తప్పారు. చలికాలపు ఆటకు స్టేషన్లో మంచినీళ్ళు, గాలి మరలు సిద్ధం చేయాలని ఎవరికీ తట్టదు. అయినా పత్రంలో రాయాలి.

లెక్క ఎక్కడ తప్పిందంటే, రైలు ప్రయాణికుల అంచనాను పాత ఆటల సంఖ్యల నుంచి తీసుకున్నారు. పార్కింగ్ సగానికి తగ్గించిన రోజున పాత సంఖ్యలు పనికిరావు. ఎదురు దిక్కు నుంచి చేయాలి: మొత్తం హాజరులోంచి పార్కింగ్ జాగాలను కారుకు ముగ్గురి చొప్పున తీసేయాలి, బస్సు సీట్లు తీసేయాలి, మిగిలినవాళ్ళంతా రైలుకే వస్తారనుకోవాలి.

ఇండియానాపొలిస్, మినియాపొలిస్

2012లో ఇండియానాపొలిస్ ఈ చిక్కులన్నీ తప్పించుకుంది, ప్రధానంగా నడక వల్ల. స్టేడియం ఊరి మధ్యలో ఉంది, సమావేశ కేంద్రంతో లోపలి నుంచే కలుస్తుంది, ఆ కేంద్రాన్ని పెద్ద హోటళ్ళు స్కైవేలతో, అంటే రోడ్డు పైన కప్పి కట్టిన నడక వంతెనలతో, అతుక్కుని ఉన్నాయి. 2011లో తెరిచిన వెయ్యి గదుల హోటల్ కూడా ఆ గొలుసులోనే చేరింది. తుఫాను వచ్చినా అతిథి కారు ఎక్కకుండా వారం గడపగలడు. ఆ ఊరు 2011 ఆటకు ఉత్తర టెక్సస్‌తో పోటీపడి ఓడిపోయింది, తర్వాతి ఏడాదిది గెలిచింది. సుమారు 8 వేల మంది వాలంటీర్లకు జనం చేత్తో అల్లిన నీలం, తెలుపు మఫ్లర్లు ఇచ్చారు. చలిలో గంటల తరబడి నిలబడేవాళ్ళకు అది ఉపయోగపడే వస్తువు, అలంకారం కాదు. నాకు ఆ వారంలో అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు అదే.

మినియాపొలిస్‌లో 2018 ఫిబ్రవరి 4న ఆట మొదలైన వేళ బయట సుమారు మైనస్ 17. సూపర్ బౌల్ రోజుల్లో ఇంత చలి ఎప్పుడూ లేదు. ముందు రోజు స్నో కూడా పడింది. ఆట సమయానికే జరిగింది. 2010 డిసెంబర్ 12న ఆ ఊరి పాత స్టేడియం మెట్రోడోమ్ గుడ్డ కప్పు 17 అంగుళాల స్నో బరువుకు చిరిగి కూలింది. ఆ అనుభవంతో కొత్త స్టేడియం కప్పును నిటారుగా వాల్చి కట్టారు. అభిమానుల తనిఖీని స్టేడియం గుమ్మం దగ్గర కాకుండా మాల్ ఆఫ్ అమెరికా అనే పెద్ద షాపింగ్ మాల్ దగ్గర రైలు ఎక్కేముందే పెట్టారు. ఆ రోజు లైట్ రైలు (ఊళ్ళో తిరిగే చిన్న రైలు) ఆట టికెట్ ఉన్నవాళ్ళకే పరిమితం, మామూలు ప్రయాణికులకు బస్సులు. సీకాకస్‌లో తప్పిన లెక్కకు ఇదే సరైన విరుగుడు. తనిఖీ వరసను వెచ్చటి చోటికి జరపాలి, రైల్లోకి ఎంతమంది ఎక్కుతున్నారో ముందే తెలియాలి. మైనస్ 17లో, గాలి వీస్తుంటే, అరగంటకు కాస్త పైన బయట నిలబడితే చాలు, కప్పుకోని చర్మం గడ్డకట్టి దెబ్బతింటుంది. బయటి వరస పదిహేను నిమిషాలు దాటకూడదనేది ఈ పనిలో కనీస నియమం కావాలి. అయితే రోజూ ఆ రైలు మీద పనికి వెళ్ళేవాళ్ళకు అది అన్యాయమే. ప్రత్యామ్నాయ బస్సుల వేళలు వాళ్ళకు నెల ముందే చేరాలి.

పోటీ పోయాక

2018 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ ఊళ్ళ మధ్య వేలంపాట లాంటి పోటీ ఆపేసింది. తనే ఒక ఊరిని ఎంచుకుని ప్రతిపాదన అడుగుతుంది. పాత పద్ధతిలో నిబంధనల పత్రం 150 పేజీలు దాటేది. అందులో 35 వేల ఉచిత పార్కింగ్ జాగాల దగ్గర్నుంచి గోల్ఫ్ మైదానాల దాకా అడిగేవారు. గెలవాలని ఊళ్ళు అన్నిటికీ ఊ కొట్టేవి. ఒకే ఊరితో మాట్లాడేటప్పుడు చేదు ప్రశ్నలు అడగడానికి వీలుంది, అడగాలి కూడా.

ఎందుకంటే దక్షిణాది ఊరని ఇంకా ధీమాగా ఉంటున్నారు. 2025 జనవరి 21న న్యూ ఓర్లీన్స్ విమానాశ్రయంలో 8 అంగుళాల స్నో పడింది, అంటే అంతకు పదకొండేళ్ళ ముందు న్యూజెర్సీ ఆట మర్నాడు న్యూయార్క్‌లో పడినంత. ఇంటర్‌స్టేట్ 10 హైవే మూసేశారు, విమానాలు ఆగిపోయాయి. అక్కడ సూపర్ బౌల్ జరిగింది ఫిబ్రవరి 9న. పందొమ్మిది రోజుల తేడా. అలాంటి ఊరు సొంతంగా వంద ప్లౌలు కొనుక్కోనక్కర్లేదు, ముప్ఫై ఏళ్ళకోసారి వాడే బండ్లు తుప్పు పడతాయి. ఉత్తరాది రాష్ట్రంతో అరువు ఒప్పందం చాలు. అందులో ఉండాల్సినవి: ఆటకు పది రోజుల ముందు నుంచి మర్నాటి దాకా తేదీలు, నడిపేవాళ్ళతో సహా బండ్ల సంఖ్య, 48 గంటల ముందు పిలుపు, ఉప్పు ఎక్కడ నిల్వ ఉంటుందన్నది. పిలుపు ఇచ్చే అధికారం ఎవరిదో ఒకే ఒక్క పదవి పేరుతో రాయాలి, కమిటీ అని రాయకూడదు.